కార్డు చూడని గడ్డ
ఆరోగ్య బీమా, రొమ్ము పరీక్ష, దళిత స్త్రీ

ప్రభుత్వ పథకాన్ని విమర్శించడం అంటే మన పత్రికల్లో సాధారణంగా రెండు పనులు జరుగుతున్నాయి. డబ్బు ఎంత కేటాయించారు, ఎంత ఖర్చు పెట్టలేదు అని లెక్క తీయడం ఒకటి. లబ్ధిదారుల్లో ఎస్సీలు ఎంతమంది అని అడగడం రెండోది. రెండూ అవసరమే. కాని పథకం కాగితాన్ని ఒక కథను చదివినట్టు చదివి, అందులో ఎవరి శరీరం కనిపిస్తున్నది, ఎప్పుడు కనిపిస్తున్నది, ఎవరిది కనిపించకుండా పోతున్నది అని అడిగిన విమర్శ తక్కువ. ఈ వ్యాసంలో మేము ఆ పని చేయదలిచాం. మేము చదివినవి రెండు కాగితాలు. ఒకటి ఆరోగ్యశ్రీ చికిత్సల జాబితా. రెండోది ఆశా కార్యకర్త ఇంటింటికీ పట్టుకొచ్చే ఫారం. వీటిని చదవాల్సిన అవసరం మాకు మా పెద్దమ్మ వల్ల వచ్చింది.

పెద్దమ్మది నిర్మల్ దగ్గరి ఊరు. నాట్లకు, పత్తి ఏరడానికి కూలికి పోయేది. కూలి లేని దినాలల్ల బీడీలు చుట్టేది. ఒకనాడు తానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చింతగింజంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిదానికి దవాఖాన ఎందుకనుకున్నది. పెనిమిటి లేడు, కొడుకు దుబాయిల ఉన్నడు. "కొడుక్కు ఫోన్ల ఏమని చెప్పాలె బిడ్డా, సన్నుల గడ్డయిందని చెప్పాల్నా?" అని తర్వాత మాతో అన్నది. రెండేండ్లు గడిచినయి. చర్మం బత్తాయి తొక్కలెక్క గుంతలు పడ్డంక, చంకల బిళ్లలు కట్టినంక అప్పుడు చెప్పింది.

ఇంట్లో ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, రేషన్ కార్డుతో కలిపి దాచుకున్నది పెద్దమ్మ. మేము మొదట పోయిన ఒక ఆస్పత్రి కౌంటర్ల "క్యాన్సర్ అని రిపోర్టు వచ్చేదాకా కార్డు నడవదు" అన్నరు. స్కానింగుకు, సూది పరీక్షకు, ముక్క తీసి పంపిన పరీక్షకు, బస్సు కిరాయిలకు చెవుల కమ్మలు కుదువ పెట్టినం. క్యాన్సర్ అని తేలినంక కార్డు నడిచింది. ఆపరేషనుకు, కీమోకు మా చేతి పైసలు పడలేదు. కార్డు లేకుంటే ఆ ఆపరేషనే లేదు. ఈ మాట దాచి విమర్శ రాయడం న్యాయం కాదు. ఆపరేషనయిన పద్నాలుగు నెలలకు పెద్దమ్మ పోయింది.

మా ప్రశ్న ఇది: రొమ్ము కోయడానికి డబ్బు కట్టే ప్రభుత్వం, రొమ్ములో గడ్డ ఉన్నదా లేదా అని చూడడానికి ఎందుకు కట్టదు?

1. జాబితా ఎట్లా చూస్తుంది

రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. 2008 నాటికి ఉమ్మడి రాష్ట్రమంతటా వచ్చింది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి 2 లక్షల దాకా చికిత్స అన్నారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆ పరిమితిని 10 లక్షలు చేశారు. పెద్ద ఆస్పత్రి గడప తొక్కలేని మన జనం ఈ కార్డుతో లోపలికి పోయిండ్రు. గుండె ఆపరేషన్లు చేయించుకున్నరు, కిడ్నీలు బాగు చేయించుకున్నరు. ఇది చిన్న విషయం కాదు.

అయితే ఈ పథకానికి ఆయువుపట్టు దాని జాబితాలో ఉన్నది. జబ్బు జాబితాలో ఉండాలి. జాబితాలో ఉండాలంటే దానికి ఒక చికిత్స ఉండాలి. ఆ చికిత్సకు ఒక ప్యాకేజీ ధర ఉండాలి. రొమ్ము క్యాన్సర్ కింద ఆపరేషన్ ఉన్నది, కీమో ఉన్నది, రేడియేషన్ ఉన్నది. ఒక నర్సమ్మ ఊరికి వచ్చి, ఆరోగ్యంగా కనబడుతున్న నలభై ఏండ్ల కూలి మనిషి రొమ్మును తన వేళ్లతో పది నిమిషాలు తడిమి చూడడం అనే పనికి జాబితాలో చోటు లేదు. ఆ పనికి మంచం అక్కరలేదు, మత్తుమందు అక్కరలేదు, కాబట్టి బిల్లూ లేదు. బిల్లు లేని పని బీమాకు పని కాదు.

దీనికి అధికారులు చెప్పే జవాబు ఒకటున్నది: ఆరోగ్యశ్రీలో మండల కేంద్రాల్లో, ఊర్లల్లో వైద్య శిబిరాలు పెట్టించాం కదా అని. నిజమే. కాని ఆ శిబిరం పెట్టేది ఆపరేషన్ చేసే ఆస్పత్రే. తన దగ్గర ప్యాకేజీ ఉన్న జబ్బును అది వెతుక్కుంటుంది. రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్‌లు 2011లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం ఈ నమూనా వల్ల లాభపడింది ప్రైవేటు రంగమే అని వాదించింది. ఆ వ్యాసాన్ని మన విద్యార్థులు తప్పక చదవాలి. మేము దానికి కలిపే మాట ఒక్కటే. ఈ నమూనా డబ్బును మళ్లించడంతో ఆగలేదు, ఏ శరీరాన్ని ఏ దశలో చూడాలో కూడా నిర్ణయించింది.

2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్‌దీ ఇదే చూపు. తెలంగాణ అందులో 2021లో చేరింది. ఆ పథకం ఆస్పత్రిలో చేరడానికి ముందు 3 రోజుల ఖర్చులు, ఇంటికి పంపినంక 15 రోజుల ఖర్చులు ఇస్తుంది. మా పెద్దమ్మ గడ్డ వయసు రెండేండ్లు. అందులో బీమాకు కనబడేది చివరి మూడు రోజులు.

మరి ముందుగా చూసుకునే హక్కు ఈ దేశంలో ఎవరికీ లేదా? ఉన్నది. 2012 బడ్జెట్‌లో ఆదాయపు పన్ను చట్టంలో ఒక వెసులుబాటు పెట్టిండ్రు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ముందుజాగ్రత్తగా చేయించుకునే పరీక్షలకు 5,000 రూపాయల దాకా పన్ను మినహాయింపు. నలభై దాటిన అఖిల భారత సర్వీసు అధికారులకు ఏటా వైద్య పరీక్షలు సర్కారు ఖర్చుతోనే జరుగుతాయి. అంటే ముందుగా చూసుకోవడానికి డబ్బు పెట్టడం ప్రభుత్వానికి తెలియని పని కాదు. జీతం ఉన్నోళ్లకు జబ్బు రాకముందు పరీక్ష, కూలి చేసేటోళ్లకు జబ్బు ముదిరినంక ఆపరేషన్. ఈ విభజనను మనం ఏ పేరుతో పిలవాలి?

2. గర్భసంచికి ధర, రొమ్ముకు మౌనం

పేద స్త్రీ శరీరం వైద్యానికి అసలే కనబడలేదు అనుకుంటే పొరపాటు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 8.9, తెలంగాణలో 7.7. దేశంలో పై వరసలో ఉన్న రాష్ట్రాలు ఇవే. అదే సర్వే తర్వాతి విడత (2019-21) ప్రకారం దేశం మొత్తంలో 30 నుంచి 49 ఏండ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఒక్కసారైనా రొమ్ము క్యాన్సర్ పరీక్ష జరిగినవాళ్లు నూటికి 0.9. వెయ్యి మందిలో తొమ్మిది మంది.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చదవండి. తెల్లబట్ట అయితుందని, నడుము నొస్తుందని పోయిన ఆడమనిషికి "సంచి తీసేస్తే క్యాన్సర్ భయం ఉండదు" అని చెప్పిన మాట మా వాడలో వినని ఇల్లు లేదు. ఆరోగ్యశ్రీ వచ్చినంక ఈ ఆపరేషన్లు పెరిగాయన్న విమర్శలు వచ్చి, కొన్ని ఆపరేషన్లను సర్కారు దవాఖానలకే పరిమితం చేయాల్సి వచ్చింది. గర్భసంచి ఆపరేషన్ వాటిలో ఒకటి. అన్ని ఆపరేషన్లూ కార్డు మీదే జరగలేదు. అప్పు చేసి చేయించుకున్నవాళ్లే ఎక్కువ. అయినా సూత్రం ఒకటే. క్యాన్సర్ పేరు చెప్పి గర్భసంచి తీయగలిగిన వైద్యం, అదే స్త్రీకి అదే రోజు రొమ్ము పరీక్ష చేయలేదు. మొదటి దానికి ధర ఉన్నది, రెండో దానికి లేదు.

క్యాన్సర్ లెక్కల అంతర్జాతీయ సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో రొమ్ము క్యాన్సర్ కొత్తగా వచ్చిన స్త్రీలు దాదాపు 1,92,000 మంది, చనిపోయినవాళ్లు దాదాపు 98,000 మంది. ఆ లెక్కలో నిర్మల్ ఎక్కడున్నదని వెతికితే దొరకదు. 2020లో వెలువడిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో తెలంగాణ నుంచి జనాభా ఆధారంగా లెక్క తీసింది ఒక్క హైదరాబాద్ జిల్లాలోనే. లక్షకు 48 మందితో రొమ్ము క్యాన్సర్‌లో హైదరాబాద్ దేశంలోనే ముందున్నది. దీన్ని చూసి ఇది పట్నం ఆడవాళ్ల జబ్బు అని చాలామంది చదువుకున్నవాళ్లు అంటరు. లెక్కించిన చోట జబ్బు కనబడింది. లెక్కించని చోట లేదని ఎట్లా అంటాం?

3. ఫారం ఎట్లా అడుగుతుంది

ఇప్పుడు రెండో కాగితం. రొమ్ము పరీక్ష బీమాలో లేకపోయినా ప్రజారోగ్య కార్యక్రమంలో ఉన్నది. 2016లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 దాటిన స్త్రీలకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ల పరీక్షలు అయిదేండ్లకు ఒకసారి జరగాలి. రొమ్మును శిక్షణ పొందిన ఏఎన్ఎమ్మో నర్సో డాక్టరో చేతితో పరీక్షించాలి. దీనికి మొదటి మెట్టు ఆశా నింపే ఫారం. ఒక ఫారానికి ఆశాకు ఇచ్చేది 10 రూపాయలు.

ఫారం మొదటి భాగం మార్కులు వేస్తుంది. వయసుకు ఇన్ని, పొగాకుకు ఇన్ని, నడుము చుట్టుకొలతకు ఇన్ని, ఒళ్లు వంచి పని చేయకపోతే ఇన్ని, ఇంట్లో బీపీ, షుగర్, గుండెజబ్బు ఉంటే ఇన్ని. నాలుగు దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. ఈ ఫారం మనసులో ఉన్న మనిషి ఎవరు? కూర్చుని తినే మనిషి, నడుము పెరిగిన మనిషి. మా పెద్దమ్మ నడుము సన్నం. పొద్దంతా ఒంగి పని చేసేది. ఆమె తల్లిదండ్రులకు బీపీ ఉండెనో లేదో, చూసినోడు లేడు కాబట్టి తెలవదు. ఆమెకు మార్కులు పడవు. ఆకలి, కష్టం ఈ ఫారంలో ఆరోగ్యం కింద లెక్క.

రెండో భాగంలో లక్షణాలు అడుగుతరు. రొమ్ములో గడ్డ ఉన్నదా? చనుమొన నుంచి రక్తం వస్తున్నదా? ఆకారం మారిందా? ఒక్కదానికి అవునన్నా దవాఖానకు పంపాలి. ప్రశ్నలు మంచివే. కాని గడ్డ ఉన్నదని ముందే తెలిసి, ఆ మాట నోరు తెరిచి చెప్పగలిగిన మనిషికే ఈ ఫారం పని చేస్తుంది. గల్లీలో, వాకిట్లో, మామ మంచంలో కూసున్నప్పుడు, మొగపిల్లలు చూస్తుండగా ఆశా ఈ ప్రశ్న అడిగితే ఏ ఆడది అవునంటది? నిర్మల్, కరీంనగర్ జిల్లాల వాడల్లో మేము మాట్లాడిన ఆడవాళ్లల్ల చాలామందికి ఫారం నింపిన సంగతి యాదికున్నది. "అడిగిండ్రు, రాసుకున్నరు, పోయిండ్రు" అన్నరు. రొమ్మును ఎవరన్నా చేతితో చూసిండ్రా అని అడిగితే నవ్విండ్రు.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. రొమ్ము పరీక్ష అంటే తాకడం. యంత్రం లేని చోట వేళ్లే యంత్రం. అంటరానితనం ఉన్న సమాజంలో తాకడం అనేది వైద్యం ఒక్కటే కాదు. మాలమాదిగల ఇంట్ల మంచినీళ్లు తాగని చేతులు, ఆ ఇంటి ఆడదాని ఒంటిమీద ఉండాలని మార్గదర్శకాలు కోరుతున్నాయి. ఏ ఒక్క నర్సునో ఆశానో మేము తప్పు పట్టడం లేదు. వాళ్లల్ల మనోళ్లూ ఉన్నరు. పది రూపాయలకు వెట్టి చేయించుకుంటున్నది ప్రభుత్వం. మేము చెప్పేది, తాకాల్సిన చోట ఫారం వచ్చి కూర్చున్నదని. ఫారం నిండితే పరీక్ష జరిగినట్టే లెక్క. మా ముత్తవ్వల కాలంలో మా వాడ ఆడవాళ్లు రవిక తొడిగితే దొర ఓర్వలేదని ఇంట్ల చెప్పుకుంటరు. అందరి కండ్లకు బయటపెట్టిన ఆ రొమ్ముకు, మూడు తరాలు గడిచినా, బాగుచేసే చెయ్యి మాత్రం అందలేదు.

2023 మార్చి 8న కరీంనగర్‌లో ఆరోగ్య మహిళ కేంద్రాలు మొదలుపెట్టిండ్రు. ప్రతి మంగళవారం స్త్రీలకు ప్రత్యేక పరీక్షలు, అందులో రొమ్ము పరీక్ష కూడా. స్త్రీల కోసం ఒక దినం, స్త్రీ వైద్య సిబ్బంది అన్న ఆలోచన సరైనదే. కాని మంగళవారం పగలు నాట్లేసే మనిషికి కూలి దినం. జబ్బు లేకుండా దవాఖానకు పోయి కూలి పోగొట్టుకొమ్మని ఆమెకు ఎవరు చెప్పాలె?

4. ఒక అభ్యంతరం

కొందరు వైద్యులు మాతో వాదిస్తరు: ఆరోగ్యంగా ఉన్నవాళ్లందరికీ మామోగ్రామ్ తీయడం మన దేశానికి తగదు, ఖర్చెక్కువ, చిన్న వయసులో అది సరిగా పట్టదు అని. ఈ మాటలో నిజమున్నది. బ్రిటన్‌లో 1988 నుంచి ప్రభుత్వం ఉచితంగా పిలిచి మామోగ్రామ్ తీస్తున్నది, అదీ యాభై దాటినవాళ్లకు. మేము ప్రతి మండలానికి యంత్రం అడగడం లేదు.

ముంబైలో టాటా మెమోరియల్ ఆస్పత్రి వాళ్లు 1998లో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టిండ్రు. బస్తీల్లోని లక్షా యాభై వేల మందికి పైగా స్త్రీలను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి రెండేండ్లకోసారి చేతితో రొమ్ము పరీక్ష చేయించారు. చేసినవాళ్లు డాక్టర్లు కాదు, శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు. ఇరవై ఏండ్ల ఫలితాలు 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చినయి. పరీక్ష జరిగినవాళ్లలో జబ్బు ముదరకముందే బయటపడింది. యాభై దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గినయి. యాభై లోపు వాళ్లలో మరణాల తగ్గుదల కనబడలేదు. ఆ సంగతి దాచాల్సిన పని లేదు. చేతితో పరీక్ష అన్నింటికీ మందు కాదు. కాని చదువుకున్న అగ్రకులాల ఇండ్లల్ల చర్చంతా మామోగ్రామ్ చుట్టే తిరుగుతుంటే, పేదోళ్లకు పనికొచ్చేది చెయ్యి అని తేల్చిన పరీక్ష పేదల ఒంటిమీదే జరిగింది. దాని ఫలితం పేదలకు చేరలేదు.

ఇంకొక అంకె. 2018లో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం ఇచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలో చనిపోయిన దళిత స్త్రీల సగటు వయసు 39.5, అగ్రకుల స్త్రీలది 54.1. యాభై దాటినవాళ్లకు మేలు చేసే పరీక్ష గురించి మాట్లాడేటప్పుడు, యాభై దాకా బతకనిచ్చే బతుకు గురించి కూడా మాట్లాడాలె.

పరీక్షకు బీమా ఉంటే చాలా? అమెరికాలో 2010 చట్టం తర్వాత బీమా కంపెనీలు మామోగ్రామ్‌కు రోగి నుంచి పైసా తీసుకోరాదన్నరు. అయినా అక్కడ నల్లజాతి స్త్రీలకు ఈ జబ్బు తెల్లవాళ్లకంటే కొంచెం తక్కువే వస్తున్నా, చావు రేటు దాదాపు 40 శాతం ఎక్కువ. పరీక్షకూ చికిత్సకూ మధ్య ఉన్న దారిలో, ఆలస్యంలో, దవాఖానల తేడాలో ఆ ప్రాణాలు పోతున్నయి. మనకు ఇది పాఠం. గడ్డ చూసి వదిలేస్తే చూడనట్టే.

మనవాళ్ల భయాన్ని కూడా అజ్ఞానం అని కొట్టిపారేయొద్దు. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా పేరుతో 10-14 ఏండ్ల ఆడపిల్లల మీద ఒక అధ్యయనం జరిగింది. వాళ్లల్ల ఎందరో హాస్టళ్లల్ల ఉండే ఆదివాసీ, దళిత పిల్లలు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టిండ్రు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేసిండ్రు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. మన వాడకు క్యాన్సర్ నివారణ మొదట ఏ రూపంలో వచ్చిందో గుర్తుపెట్టుకోవాలని మాత్రమే అంటున్నాం.

5. మన సంప్రదాయంలో బీమా

ఆరోగ్య బీమా మనకు ఎవరో దయతలిచి ఇచ్చిన కొత్త సంగతి కాదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లును సమర్థించింది అంబేద్కర్. 1942 నుంచి 1946 దాకా ఆయన కార్మిక శాఖ చూసిన కాలంలోనే పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమా మీద అదార్కర్ నివేదిక వచ్చింది. 1948 ఈఎస్ఐ చట్టానికి అదే పునాది. ఈఎస్ఐలో మందులతో పాటు జబ్బు దినాల కూలి కూడా ఉన్నది. మామూలు జబ్బుకు ఏడాదికి 91 దినాల దాకా వేతనంలో 70 శాతం, క్యాన్సర్ లాంటి జబ్బుకు రెండేండ్ల దాకా 80 శాతం. జబ్బుపడ్డ కూలిమనిషికి మందు ఎంత అవసరమో పొయ్యిమీద ఎసరు కూడా అంతే అవసరం అన్న తెలివి అందులో ఉన్నది. పొలం కూలీలు మాత్రం ఆ చట్టం బయటే ఉండిపోయిండ్రు. మన ఆడవాళ్లల్ల ఎక్కువమంది అక్కడే ఉన్నరు. ఆరోగ్యశ్రీ పది లక్షలు చెప్తున్నది గాని ఒక్క దినం కూలి గురించి చెప్పదు.

మనం కూడా మన వైపు చూసుకోవాలి. చుండూరు మీద, రిజర్వేషన్ల మీద, వర్గీకరణ మీద వందల పేజీలు రాసుకున్నాం. మన తల్లుల రొమ్ము మీద ఒక్క వ్యాసం రాయలేదు. అది ఆడవాళ్ల ముచ్చట అనుకున్నాం. అక్టోబరు వస్తే గులాబీ రిబ్బన్లు కట్టుకుని పట్నంలో పరుగెత్తే స్త్రీవాదులను ఎగతాళి చేశాం, కాని వాడలో మనం ఏం చేశామన్న ప్రశ్న వేసుకోలేదు. ఈ పంక్తులు రాస్తున్న మేము యూనివర్సిటీలో ప్రజారోగ్యం మీద పుస్తకాలు చదువుతున్న రెండేండ్లూ మా పెద్దమ్మ గడ్డను కొంగు కింద దాచుకున్నది. పండుగకు పోయినప్పుడల్లా పక్కనే పండుకున్నాం. అడగలేదు.

కాబట్టి మేము అడిగేవి ఇవి. ముప్పై దాటిన ప్రతి స్త్రీకి చేతితో రొమ్ము పరీక్షను ఆరోగ్యశ్రీలో ఒక హక్కుగా రాయాలి. అది వాడలోనే, పని దిగినంక, తలుపేసుకునే వీలున్న గదిలో జరగాలి. దానికి మన వాడ ఆడపిల్లలకే శిక్షణ ఇచ్చి, నెల జీతమిచ్చి పెట్టుకోవాలి. అనుమానం ఉన్న గడ్డకు స్కానింగ్ నుంచి బయాప్సీ దాకా కార్డే కట్టాలి, రిపోర్టు క్యాన్సర్ కాదని వచ్చినా కట్టాలి. నిర్మల్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఆ పరీక్షల కోసం రెండువందల కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ ఎంఎన్‌జే దాకా పోవాల్సిన పని ఉండొద్దు. పరీక్ష దినానికి, చికిత్స దినాలకు కూలి ఇవ్వాలి. చివరగా, జబ్బు ఏ దశలో బయటపడిందన్నది కులాల వారీగా ప్రకటించాలి. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీ రికార్డుల్లో రోగి కులం గడి ఉన్నది. తెలంగాణలో 2024 నవంబరులో ఇంటింటికీ కులగణన సర్వే జరిగింది. లెక్క తీయడం చేతగాని పనేమీ కాదు.

ఇవి పెద్ద కోరికలేమీ కాదు. ప్రభుత్వం కట్టేదాకా ఈ పత్రిక చదివే టీచర్లు, విద్యార్థులు, కార్యకర్తలు ఒక పని చేయొచ్చు. ఈసారి ఊరికి పోయినప్పుడు తల్లినో పెద్దమ్మనో పక్కకు పిలిచి, సిగ్గుపడకుండా అడగాలె. మేము అడగనిది మీరు అడగండి.